గేటు దగ్గర బాపు

సిరిసిల్ల, శనివారం రాత్రి



వర్చువల్ ప్రపంచాలు తయారుచేసేవాళ్ల సదస్సులో మాట్లాడటానికి పొద్దున హైదరాబాద్ వెళ్లాను. మా మరమగ్గాల షెడ్డును కంప్యూటర్‌లో ఎలా కట్టానో చెప్పాలి. అందులో మగ్గం నడిపే మనిషికి మా నాన్న, బాపు ముఖమే పెట్టాను కాబట్టి ఆయన్నీ వెంట తీసుకెళ్లాను.

నా వంతుకు ముందు స్టాళ్లు చూస్తున్నాం. ఒక కంపెనీవాళ్లు బాపు కళ్లకు హెడ్‌సెట్ పెట్టారు. నిమిషం కాకముందే ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బిడ్డా, గీడ నేనున్న!"

హెడ్‌సెట్ తీసుకుని చూశాను. బంగళా గేటు ముందు కాపలావాడు. బాపు ముఖమే, కనుబొమ్మ మీద మగ్గం షటిల్ తగిలిన మచ్చతో సహా. వచ్చిన ప్రతివాడికీ వంగి దండం పెడుతున్నాడు. నిరుడు ఉద్యోగం కోసం ఈ కంపెనీకే కంప్యూటర్‌లో కట్టిన ఈ షెడ్డును నమూనాగా పంపాను. వద్దన్నారు.

"ఈ ముఖం ఎక్కడిది?" అని అడిగాను.

"కంప్యూటర్ సృష్టించిందండీ" అంది స్టాల్లో ఆమె. అంతలో బాపును చూసింది. గబగబా హెడ్‌సెట్ వెనక్కి తీసుకుంది.

వేదిక మీద నేను సిద్ధం చేసుకున్నదేదీ చెప్పలేదు. బాపును పక్కన నిలబెట్టుకుని జరిగింది చెప్పాను. సాయంత్రానికి ఆ స్టాల్ మూసేశారు. ముఖం తీసేస్తామన్నారు. నమ్మాలో లేదో...

తిరుగు బస్సెక్కాం. సిద్దిపేట దాటాక బాపు మెల్లగా అడిగాడు.

"గేటుకాడ గాయన దినమంత గట్లనే నిలబడుతడా బిడ్డా? జర కూసోనియ్యరా?"