దగ్గు మానిన బండి

సొరోటి నుంచి

అమోడింగ్ అక్కా, అమ్మ నన్ను కర్రతో కొట్టిందన్న మాట కంపాలాలో ఉన్న నీదాకా వచ్చిందట. కంగారుపడకు, ఇద్దరం బాగున్నాం.

బండి సైలెన్సర్‌ చిల్లికి డబ్బా రేకు చుట్టి ఇంట్లో నేనే బాగుచేశాను. చప్పుడు పూర్తిగా తగ్గింది. సాయంత్రం వాకిట్లోకి రాగానే చూపులేని అమ్మ కర్ర ఎత్తింది.

"ఎవడ్రా నువ్వు? నా కొడుకు బండి మలుపులోనే దగ్గుతుంది!"

"నేనే అమ్మా" అనేలోపే భుజం మీద ఒకటి పడింది. తర్వాత అదే భుజానికి నూనె రాస్తూ ఏడ్చింది. "ఆ చప్పుడు వినబడితేగాని నా ప్రాణం కుదుటపడదురా" అంది.

రేకు పీకేశాను.

నీకోసం వేరుశనగలు నూరి ముద్ద చేసి దాచింది. ఎప్పుడొస్తావు? పిల్లలకు దీవెనలు చెప్పమంది. నువ్వెక్కే బస్సు చప్పుడు ఎలా ఉంటుందో రాయమంటోంది.

నీ తమ్ముడు
ఎమురోన్