వాకిట్ల పచ్చి బొంగులు

అన్నా,

నేను మోర్తాడ్ బస్సుకు పోతున్న, మా అత్తగారింట్ల పసుపు ఉడకబెడుతున్నరు. నువ్వు డ్యూటీ నుంచి రాంగనే వాకిట్ల బొంగులు, గడ్డి, తాడు దొడ్లె దాచు. ఇంగ్లీషు పుస్తకంల బొమ్మ చూసి మందు తాగెతందుకు ఇంట్లనే బొంగుల బారు కడుతనన్నవు, కట్టుకో. గాని పచ్చి బొంగులు, గడ్డి, తాడు ఒక్కపారే దించితే వాడకట్టు ఏమనుకుంటది? అవ్వ పోయిందనుకొని పాడె కట్టెతందుకు మగోళ్లు, ఏడ్సెతందుకు ఆడోళ్లు వచ్చిండ్రు. వచ్చి చూస్తె అవ్వ అరుగు మీద కూసొని సర్వపిండి తింటున్నది. అందరికి చాయ్ పోసేసరికి చక్కెర అయిపోయింది. చక్కెర ఫ్యాక్టరీల పనిచేసెటోని ఇంట్ల చక్కెర లేదంటే నవ్వుతరు, తీస్కరా.

నీ చెల్లె గంగు

మరిచిన. ఇంతమంది వచ్చిండ్రని అవ్వ మస్తు సంబురపడ్డది. గాని నీ అత్తగారోళ్లు ఒక్కలు గూడ రాలేదని అలిగి పండుకున్నది.