లోపలికి తెరుచుకునే తలుపు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఉప్పుటేటి మధ్య ఇసక దిబ్బ మీదున్న మన పాత చర్చిలో నీ పేరున ప్రార్థన పెట్టించాను. మూరెడు మందం సున్నపు గోడలు, ఇసక పడకుండా తలకంటే ఎత్తున పెట్టిన ఊచల కిటికీలు, అన్నీ నువ్వెరిగినవే. తలుపొక్కటే నీకు తెలీదు.

కిడ్నీలు పోయి నువ్వు మంచం పట్టినప్పుడు దాన్ని మార్చారు. లోపలికి తెరుచుకుంటే పదిమంది కూర్చునే చోటు పోతోందని, బయటికి తెరుచుకునేది పెట్టారు. వడ్రంగి పెళ్లాన్నని నన్నూ అడిగారు. సరేనన్నాను. నీకు చెప్పలేదు.

ఇవాళ పాటల మధ్యలో సముద్రపు గాలి లేచింది. ప్రార్థన ముగిసేసరికి తలుపుకి బయట నడుమెత్తు ఇసక మేటేసింది. నలుగురు మగవాళ్లు భుజాలానించి తోసినా కదల్లేదు. సెల్లుకి సిగ్నల్ లేదు. ఉక్కకి పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చారు.

"మావ మంచం పట్టకపోతే తలుపు ఇలగ పెట్టనిచ్చీవోడేటి?" అంది మీ అక్క కూతురు, నావైపు చూడకుండానే.

నువ్వెప్పుడూ అనే మాటే నా చెవుల్లో ఉంది. "ఇసకని తొయ్యలేమే. తలుపు మనకేసి లాక్కోవాల."

పొద్దు వాలాక మమ్మల్ని ఏరు దాటించే పడవవాడు వచ్చి, తెడ్డుతో ఇసక తోడితే బయటపడ్డాం. కొత్తగా వచ్చిన పాస్టరు గారు చెమట తుడుచుకుంటూ, "ఆ పాత తలుపే మళ్లీ బిగిద్దాం. ఎక్కడుందమ్మా?" అని నన్నడిగారు.

అందరూ నేలచూపులు చూశారు. నీ శవపెట్టెకి మూత దాంతోనే కదా చేయించాను, బావా.