నెగిటివ్ వచ్చిన రోజు

మంగళవారం, రాత్రి

ఈ రోజు విజయవాడలో డాక్టరు గారు అక్క రిపోర్టు చదివి చెప్పారు. అండాశయంలో గడ్డ తిరగబెట్టాక మామూలు కీమో పనిచేయడం మానేసింది. ఆ గడ్డ కణాల పైపొర మీద ఒక ప్రొటీన్ బాగా ఉంటే, దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళే కొత్త మందు ఉందని పోయినసారి అన్నారు. ఆ ప్రొటీన్ ఉండాలని మూడు వారాలుగా మొక్కుకుంటున్నాను. లేదట. నెగిటివ్.

"ఇంకొన్ని నెలలేనమ్మా. నొప్పి లేకుండా చూసుకుందాం," అన్నారాయన. అక్క నా పక్కనే కూర్చుని అంతా విన్నది.

బస్సు చల్లపల్లి దాటుతుండగా బావగారు ఫోన్ చేశారు. "నెగిటివ్ వచ్చింది బావగారూ," అన్నాను. మిగతాది చెప్పేలోపే ఆయన ఏడ్చేశారు. "మా ఆవిడకి నెగిటివ్ వచ్చిందండీ!" అని పక్కన ఎవరికో చెబుతున్నారు. కరోనా అప్పటి నుంచి మా కోడూరులో నెగిటివ్ అంటే జబ్బు లేనట్టే. అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుని కట్ చేసింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన చెరువు నుంచి రొయ్యలు తెచ్చి తనే వండి పెట్టారు. నేను నోరు తెరవబోతే అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఆయన కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందే పద్మా. ఈ పూట తిననీ. రేపు నేనే చెప్తాలే."

చెప్పగలదా? చెప్పలేకపోతే నేనే చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో...

బావగారు మారు అన్నం అడిగారు. అక్కే లేచి వడ్డించింది.