పలకల కింద మేత

తమ్ముడికి అక్క దీవెనలు. నేను కులాసా. ముందీ మాట విను: బేరగాడొస్తే గొర్రెల్ని అమ్మడం లేదని చెప్పి పంపించెయ్.

మనం మంద మేపే మెట్టచేలో సోలార్ పలకలకి ఇవాళ ఇక్కడ పట్నంలో, ఆఫీసు మీటింగులో అనుమతి వచ్చేసింది. ఇక మేత పోయినట్టేనని వెనక బల్ల మీద కూలబడ్డాను. అనుమతిచ్చిన ఆఫీసరమ్మ షరతులు రాస్తూ "పలకల కింద గడ్డి ఎవరు కోస్తారు?" అంది. పలకలు పెట్టే కంపెనీ మనిషి కాగితాలు తిరగేశాడు. నేను లేచి "మా గొర్రెలున్నాయిగా!" అన్నాను. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. "పలకలెక్కి తొక్కవూ?" అంది. "అది మేకల బుద్ధమ్మా. గొర్రె మేతలో పడితే తలెత్తదు" అన్నాను. పలకలు నడుమెత్తున కట్టాలని, కింద మన మందే మెయ్యాలని కాగితం మీద రాసేసింది. గుండెల మీద బరువు దిగింది.

కుంటి గొర్రెకి కట్టు మార్చావా? నా గొడుగు దొరికిందా?

ఇంకో సంగతి. "మీకు మేకలున్నాయా?" అని కూడా అడిగింది. లేవని చెప్పేశాను. శనివారం ఆవిడ చూడ్డానికొస్తుంది. ఈలోగా నువ్వు సీసాపాలు పట్టి పెంచిన దొరసానిని పిన్నింట్లో కట్టేసి రా. తిట్టుకోకు. దానికీ నా దీవెనలు చెప్పు. ఆ ఒక్క పూటా అరవొద్దని కూడా చెప్పు.

మీ అక్క