లిస్టులో నేను తిట్టిన తిట్టు

12 నవంబరు 1997, బుధవారం

తెలుగు అక్షరాల ప్రోగ్రాముకు మా రైల్వే కాలనీ సూరి అన్న పంపిన సవరణను, దాన్ని రాసేవాళ్లందరికీ ఈమెయిల్ వెళ్లే మెయిలింగ్ లిస్టులో, అందరూ చదివేలా "ఇది చెత్త, నేర్చుకుని రా" అని తిట్టాను. తప్పును మొహమాటం లేకుండా చెప్పాలన్న, కలిసి ప్రోగ్రాములు రాసేవాళ్ల కరపత్రాల మాట నమ్మినవాణ్ణి. భేష్ అంటూ వరసగా జవాబులొచ్చాయి.

ఇవాళ గోల్‌బజార్‌లో అన్న ఎదురయ్యాడు. "తప్పుందిరా, ఒప్పుకుంతాను. కోటరుకొచ్చి సెప్పలేకపోనావేటి? అందరి ముందూ ఏటిరా ఆ మాట?" అన్నాడు. లిస్టులోంచి పేరు తీయించేసుకున్నాడట. ఆ ప్రోగ్రాము లోపలి సంగతి అన్నకు తప్ప ఎవరికీ సరిగా తెలియదు.

సాయంత్రం లిస్టువాళ్లు రాశారు: "ఇక ఆ పని నీదే. రేపు నీ కోడ్ పంపు, అందరం చూస్తాం."

పంపాలి. ఎలా చూడాలో వాళ్లకు నేర్పింది నేనే.