వదులైన మాస్కు

అక్కకి,

చెల్లెలు బోలెడంత ప్రేమతో రాసేది. ఇక్కడ నా కుట్టుమిషను క్షేమం, మేడమీద పిల్లి మరీ క్షేమం. నా సంగతి మెల్లగా చెబుతాను. నువ్వూ, నీ హాస్టల్లో అల్లరి పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

హాస్టల్ కర్టెన్లు ఎంతవరకూ వచ్చాయని అడిగావు. నువ్వు పంపిన కొలతలకి కుడితే అవి రుమాళ్ళకి తప్ప కిటికీలకి పనికిరావు. వార్డెన్‌వి అయ్యావు గానీ టేపు పట్టుకోవడం రాలేదు నీకు. మళ్ళీ కొలిచి పంపు. తలనొప్పి తగ్గిందా, కళ్ళు చూపించుకున్నావా అని కూడా అడిగావు. చూపించుకున్నాను. కళ్ళ డాక్టరు అద్దాలకి బదులు స్కానింగు రాశాడు.

అక్కా, నిలబడి ఉంటే కూర్చుని చదువు. నా తలలో గడ్డ ఉంది. కుడికంటి నరానికి ఆనుకుని ఉంది. కోసి తీయడానికి వీల్లేని చోటట, రేడియేషన్ ఇస్తామన్నారు. ఫోన్ చేద్దామని నంబరు నొక్కి, నీ గొంతు వింటే ఏడ్చేస్తానని పెట్టేశాను.

వెళ్ళగానే పడుకోబెట్టి ఇచ్చేస్తారనుకున్నాను. అలా కాదట. ముందు వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ జాలీని ముఖం మీద పరిచి, అచ్చం నాకే సరిపోయే మాస్కు చేశారు. అది బిగిస్తే తల ఇసుమంతైనా కదలదు. అలాగే సీటీ స్కాన్ తీసి, అంతకుముందు తీసిన ఎమ్మారై బొమ్మని దానితో సరిగ్గా కలిపారు. గడ్డ ఎమ్మారైలో బాగా కనబడుతుందట, కిరణాల లెక్క కట్టడానికి సీటీ కావాలట. రేడియేషన్ డాక్టరమ్మ కంప్యూటర్లో చూపించింది. గడ్డ చుట్టూ ఎర్రగీత, కాస్త బయటగా ఇంకో గీత, మనం కుట్టు కోసం లోపల బట్ట వదిలినట్టే. ఆ బయటి గీత కంటినరం మీదికి ఎక్కింది.

"మీరేం పని చేస్తారు?" అని అడిగింది.

"టైలర్నండీ" అన్నాను. ఆవిడ ఆ బయటి గీతని పెద్దది చేసి మళ్ళీ చూసింది.

ఈలోపు నేనొక ఘనకార్యం చేశాను. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడితే చూడలేనని ముందే గుండు చేయించుకున్నాను. తీరా మొదటిరోజు మాస్కు బిగిస్తే లోపల తల అటూ ఇటూ ఆడింది.

"జుట్టేదండీ?" అంది టెక్నీషియన్ అమ్మాయి.

"ఎలాగూ పోయేదే కదా అని..."

"అయ్యో, జుట్టుతో సహా అచ్చు తీశాం కదండీ! ఇప్పుడు మాస్కు, స్కాను, కిరణాల ప్లాను అన్నీ మళ్ళీ మొదటికొచ్చాయి."

కొలతలిచ్చాక లావెక్కొచ్చిన వాళ్ళని ఇన్నాళ్ళూ తిట్టిపోసిన నేనే కొత్త కొలతలకి మళ్ళీ పడుకున్నాను.

కొత్త ప్లాను ఖాయం చేసేముందు డాక్టరమ్మ పిలిచింది. "నరం వైపు మోతాదు తగ్గిస్తే కన్ను నిలవొచ్చు, కానీ గడ్డ అటువైపు మళ్ళీ పెరిగే ప్రమాదం ఉంది. పూర్తిగా ఇస్తే ఆ కంటిచూపు పోవచ్చు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి చెప్పండి."

"కన్ను కాపాడండి చాలు. మాట్లాడ్డానికి నాకెవరూ లేరు" అన్నాను.

అవునక్కా, ఆ మాటే అన్నాను. అమ్మ పోయాక చదువు మానుకుని నన్ను పెంచావు. ఇప్పుడిప్పుడే నీకంటూ ఒక ఉద్యోగం, ఒక గది దొరికాయి. మళ్ళీ నిన్ను తెచ్చి నా మంచం పక్కన కూర్చోబెట్టడం ఇష్టంలేక అలా అన్నాను. ఇంటికొచ్చాక నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వుండగా ఎవరూ లేరనడానికి నాకు నోరెలా వచ్చిందో!

ఇవాళ మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "మా అక్క ఉందండీ. నన్ను పెంచింది" అన్నాను.

"మరి ఆవిడేమంటున్నారు?"

"ఒంటికన్నుతోనైనా సరే, నువ్వు బతికుండు, సూదిలో దారం నేనెక్కిస్తానంటోంది."

పూర్తి మోతాదుకే ఒప్పుకున్నాను. నిన్ను అడగకుండానే నీ మాటగా చెప్పేశాను, ఏమనుకోకు. మరో పదిరోజుల్లో మొదలుపెడతారు. నాకు చాలా భయంగా ఉందక్కా. నువ్వు రా.

ఇట్లు,
నీ కోసం చూస్తున్న
చెల్లెలు